విమాన టికెట్ ప్రకటనల్లో ధరలు: ఇది మోసమా, వ్యాపారమా? ప్రభుత్వం కలగజేసుకోవాలా?

నీలిమేఘం (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. విమాన టికెట్ల ప్రకటనల మీద ఇక్కడ సూటిగా ఒక చర్చ జరగాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పెద్ద అక్షరాల్లో ఒక ధర, దాని పక్కన చిన్న స్టార్ గుర్తు, అట్టడుగున కళ్లు చికిలించినా కనపడని షరతులు. ఆ ధర చూసి వెబ్‌సైట్‌లోకి వెళ్తే సీటుకి డబ్బు, బ్యాగుకి డబ్బు, ఎయిర్‌పోర్టు ఫీజు, ఇంధన సర్‌చార్జి, చివర పేమెంట్ పేజీలో కన్వీనియెన్స్ ఫీజు. మొదట చూసిన అంకెకీ, కార్డు మీద పడే అంకెకీ పొంతన ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది మోసమే. షరతుల్లో అన్నీ రాసే ఉంటాయి కాబట్టి కోర్టులో అబద్ధమని నిరూపించలేకపోవచ్చు. కానీ వెళ్దామా వద్దా, ఏ కంపెనీలో వెళ్దాం అని మనం తేల్చుకునేది ఆ మొదటి అంకె చూసే. ఆ అంకెకి ఒక్కరు కూడా టికెట్ కొనలేనప్పుడు అది ధర ఎలా అవుతుంది? టికెట్ ఎంతకి అమ్మాలో ప్రభుత్వం చెప్పక్కర్లేదు. ఎంతకి అమ్ముతున్నారో మొదటే చెప్పి తీరాలి అని మాత్రం చెప్పాలి. మీరేమంటారు?

కిటికీసీటు

నీలిమేఘం గారూ, మీ కోపం అర్థమవుతోంది. కానీ ప్రభుత్వం చెప్పాలి అనగానే నాకు భయమేస్తుంది. విమానయానంలో అన్నీ ప్రభుత్వాలే చెప్పిన కాలం ఒకటి ఉండేది. అమెరికాలో ఏ కంపెనీ ఏ రూట్లో తిరగాలో, ఎంత చార్జీ తీసుకోవాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నిర్ణయించేది. విమానం ఎక్కడమంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం. చివరికి ఆ బోర్డుకి చైర్మన్‌గా ఉన్న ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కానే ఈ పెత్తనం పోవాలని పట్టుబట్టాడు. 1978లో అధ్యక్షుడు కార్టర్ ఆ చట్టం మీద సంతకం పెట్టాడు, కొన్నేళ్లకి బోర్డునే మూసేశారు. పోటీ పెరిగి చార్జీలు దిగింది, మామూలు ఉద్యోగులు కూడా విమానం ఎక్కగలిగింది ఆ తర్వాతే.

తక్కువ ధర ప్రకటన కూడా ఆ పోటీలో భాగమే. డబ్బు కట్టే ముందు చివరి పేజీలో మొత్తం ఎంతో కనిపిస్తుంది. నచ్చకపోతే వెనక్కి వచ్చేస్తాం. అంతమాత్రానికి చట్టం దేనికి?

చట్టంమాట

కిటికీసీటు గారు రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టేశారు. 1978 చట్టంతో పోయింది ధర మీద నియంత్రణ. ప్రకటన మీద నియంత్రణ పోలేదు. బోర్డును మూసేసినప్పుడు, అన్యాయమైన, మోసపూరితమైన పద్ధతులను అడ్డుకునే అధికారాన్ని అమెరికా రవాణా శాఖకి బదిలీ చేశారు. అంటే, ధర మీ ఇష్టం అన్నవాళ్లే, ఆ ధర గురించి జనానికి ఏం చెబుతున్నారో మేం చూస్తాం అని కూడా అన్నారు.

ఈ చర్చకి పనికొచ్చే కేసు ఒకటి ఉంది. 1980ల చివర్లో అమెరికా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కలిసి విమాన చార్జీల ప్రకటనలకి మార్గదర్శకాలు తయారు చేశారు. సర్‌చార్జీలు ధరలోనే కలిపి చూపాలి, ఆ ధరకి సీట్లు పరిమితంగా ఉంటే ఆ మాట స్పష్టంగా చెప్పాలి, ఇలాంటివే. కంపెనీలు కోర్టుకెక్కాయి. 1992లో మొరాలెస్ వర్సెస్ ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ కేసులో సుప్రీంకోర్టు, విమాన చార్జీల విషయంలో రాష్ట్రాలు వేలు పెట్టడానికి 1978 చట్టం ఒప్పుకోదని తేల్చేసింది. మిగతా ఏ వ్యాపారంలోనైనా ప్రకటన మోసంగా ఉందనిపిస్తే అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కేసు పెట్టగలదు. విమానాల విషయంలో అది కుదరదు. ఇక కేంద్రంలోని ఆ ఒక్క శాఖ కూడా ఊరుకుంటే ప్రయాణికుడి తరఫున అడిగేవాళ్లే ఉండరు.

ఆ శాఖ గట్టిగా కదలడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రభుత్వ పన్నులను ప్రకటనలో విడిగా, చిన్నగా చూపడానికి 2012 జనవరి దాకా అక్కడ వీలుండేది. ఆ నెల 26 నుంచి, పన్నులూ తప్పనిసరి ఫీజులూ అన్నీ కలిపిన ధరే ప్రకటించాలని నిబంధన అమల్లోకి వచ్చింది. ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్సులతో అదనపు సేవలు అంటగట్టడాన్నీ అదే నిబంధన ఆపింది. యూరప్ అప్పటికే 2008లో 1008/2008 నిబంధనతో ఆ పని చేసేసింది. కెనడా 2012 డిసెంబరులో చేసింది. వీటిలో ఏ దేశంలోనూ టికెట్ ధరని ప్రభుత్వం నిర్ణయించడం లేదు.

కిటికీసీటు

వివరాలకి ధన్యవాదాలు. పన్నులతో కలిపి చూపడం మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ అందులోనూ ఒక చిక్కు ఉంది, అది మీరు వదిలేశారు. 2012 నిబంధన మీద స్పిరిట్, అలీజియంట్, సౌత్‌వెస్ట్ కంపెనీలు కోర్టుకెళ్లాయి. వాళ్ల వాదన ఏమిటంటే, పన్నులన్నీ ధరలో కలిపేస్తే జనం దృష్టిలో చెడ్డపేరు కంపెనీకి వస్తుంది, పన్ను వేసిన ప్రభుత్వం చాటున దాక్కుంటుంది. రేపు ఎయిర్‌పోర్టు ఫీజు రెట్టింపు చేస్తే జనం ఎవర్ని తిడతారు? విమాన టికెట్‌లో ప్రభుత్వం, ఎయిర్‌పోర్టు తీసుకునే వాటా ఎంతో జనానికి తెలియాలి. నా భయం అదీ.

చట్టంమాట

మీ భయం న్యాయమైనదే, కానీ ఆ కేసులో కోర్టు దానికి జవాబిచ్చింది. పన్ను విడిగా చూపొద్దని నిబంధన ఎక్కడా అనలేదు. ఎంత పన్నో ఎన్ని వరుసల్లోనైనా రాసుకోవచ్చు, మొత్తం ధర కంటే చిన్న అక్షరాల్లో మాత్రమే రాయాలి. అంతే. 2012 జులైలో అప్పీళ్ల కోర్టు నిబంధనని సమర్థించింది. 2014లో దీన్ని తిరగతోడుతూ పారదర్శక చార్జీల చట్టం అని ప్రతినిధుల సభలో ఒక బిల్లు గట్టెక్కింది. పన్నుల్ని మళ్లీ విడదీసి చూపడానికి వీలిచ్చే బిల్లు అది. సెనేట్‌లో ముందుకు సాగలేదు.

లెక్కలమాస్టారు

చివరి పేజీలో మొత్తం కనిపిస్తుంది కదా అన్నారు కిటికీసీటు గారు. ఈ ప్రశ్న మీద ఆర్థికవేత్తలు బోలెడు పని చేశారు. ఊహలు పక్కనపెట్టి వాళ్లకి ఏం తేలిందో చూద్దాం.

అమెరికాలో ఒక సూపర్ మార్కెట్‌లో చేసిన ప్రయోగం ఉంది, 2009లో అచ్చయింది. అక్కడ అమ్మకం పన్ను బిల్లు వేసేటప్పుడు కలుస్తుంది, అరలో ఉన్న చీటీ మీద ఉండదు. కొన్ని వస్తువులకి మాత్రం పన్నుతో కలిపిన ధర కూడా చీటీ మీద రాసి పెట్టారు. కట్టే డబ్బు పైసా మారలేదు. అయినా ఆ వస్తువుల అమ్మకం సుమారు 8 శాతం పడిపోయింది. గమనించండి, అక్కడ కొనేవాళ్లలో చాలామందికి ఆ వస్తువు మీద పన్ను ఉందని ముందే తెలుసు. తెలియడం ఒకటి, చెయ్యి చాపేటప్పుడు కళ్ల ముందు ఉండటం ఇంకొకటి.

రెండోది స్టబ్‌హబ్ అనే టికెట్ల సైట్‌లో జరిగింది. కొంతమందికి ఫీజులతో కలిపిన ధర మొదటే చూపించారు, కొంతమందికి చివర్లో చూపించారు. చివర్లో చూసినవాళ్లు సుమారు 21 శాతం ఎక్కువ ఖర్చు పెట్టారు. వెనక్కి వచ్చేస్తాం అని మనం అనుకుంటాం. చాలామంది రారు. తేదీలు ఎంచుకుని, పేర్లు కొట్టి, పాస్‌పోర్టు నంబర్లు ఎక్కించాక మళ్లీ మొదటికి వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? పైగా ఆ పక్క సైట్ కూడా ఇలాగే చేస్తుందని తెలుసు.

మూడోది సరిగ్గా మన విషయం మీదే. పైన చెప్పిన 2012 నిబంధనకి ముందూ తర్వాతా విమాన టికెట్ల డేటా తీసుకుని బ్రాడ్లీ, ఫెల్డ్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. పన్నులు కలిపి చూపడం మొదలయ్యాక, పన్ను భారంలో ప్రయాణికుల నెత్తిన పడే వాటా బాగా తగ్గింది. పన్నులు ఎక్కువున్న మార్గాల్లో కంపెనీల టికెట్ ఆదాయమూ తగ్గింది, ప్రయాణికుల సంఖ్యా తగ్గింది. ప్రకటనలో ఏ అంకె ముందు వస్తుందనేది ఉత్త అలంకారమే అయితే ఈ మార్పులేవీ రాకూడదు.

టికెట్_కౌంటర్

నేను కొన్నేళ్లు టికెటింగ్‌లో, ఆ తర్వాత చార్జీలు నిర్ణయించే విభాగంలో పనిచేశాను. లోపల పని ఎలా జరుగుతుందో చెప్తే చర్చకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఒక విమానంలో ఎకానమీ సీట్లన్నీ ఒకేలా ఉన్నా టికెట్లు ఒకే ధరలో ఉండవు. వాటిని ధరల వారీగా కొన్ని తరగతులుగా విడగొడతారు, ఒక్కో తరగతికీ ఒక ఇంగ్లిష్ అక్షరం. అన్నిటికంటే చవక తరగతిలో కొద్ది సీట్లే పెడతారు. అవి అయిపోగానే పై తరగతి తెరుచుకుంటుంది. ప్రకటనలో 'నుంచి మొదలు' అని వేసేది ఆ చవక తరగతి ధర. అన్ని రోజుల్లో, అన్ని విమానాల్లో అది ఉండాలని లేదు. పండగ రోజుల్లో ఆ తరగతి అసలు తెరవరు. కాబట్టి ప్రకటన అబద్ధం కాదు, ఎక్కడో ఒకచోట ఆ ధర నిజంగా ఉంటుంది. అది చూసి వచ్చినవాళ్లలో ఎంతమందికి దొరుకుతుందన్నదే అసలు సంగతి.

ఇందులోనే చాలామందికి తెలియని ఇంకో విషయం. చవక తరగతిలో రెండు సీట్లు మిగిలాయనుకోండి. మీరు నలుగురికి కలిపి వెతికితే చాలా వెబ్‌సైట్లు నలుగురికీ పై తరగతి ధరే చూపిస్తాయి. ఇద్దరికి చవకగా, ఇద్దరికి ఎక్కువగా విడదీసి చూపవు. ఒక్కరికే వెతికి ధర చూసి, ఆనక నలుగురికి కొట్టగానే ధర పెరిగిందని ఆశ్చర్యపోయేవాళ్లని నేను ఎంతోమందిని చూశాను.

ఇక ఫీజుల సంగతి. ధర పోల్చి చూపే సైట్లలో వరుస తక్కువ ధర నుంచే మొదలవుతుంది. మొదటి నాలుగైదు వరుసలు దాటి కిందకి చూసేవాళ్లు తక్కువ. ఒక కంపెనీ నిజాయతీగా బ్యాగూ సీటూ కలిపి ధర పెట్టిందంటే జాబితాలో అట్టడుగుకి పోతుంది. పక్కవాడు ఉత్త టికెట్ ధర పెట్టి పైన కూర్చుంటాడు, చివరికి మొత్తం ఎక్కువే తీసుకుంటాడు. మీటింగుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. 'మనం ఒక్కళ్లమే మారితే నష్టపోతాం.' అందుకే, అందరికీ ఒకే నిబంధన పెడితే మేలని కంపెనీల్లో పనిచేసేవాళ్లలోనూ చాలామంది కోరుకుంటారు. పైకి అనరు.

అమెరికాలో ఇంకో కారణం కూడా ఉంది. అక్కడి దేశీయ విమానాల్లో టికెట్ ధర మీద 7.5 శాతం కేంద్ర పన్ను ఉంది. బ్యాగు ఫీజు లాంటి వాటి మీద ఆ పన్ను పడదు. అదే డబ్బు టికెట్ పేరుతో తీసుకుంటే పన్ను, బ్యాగు పేరుతో తీసుకుంటే లేదు. ఇక ఏ పేరుతో తీసుకుంటారో మీరే చెప్పండి.

ఇద్దరుపిల్లలతల్లి

ఇంతసేపూ చదువుతున్నాను. అందరూ పన్నుల గురించే మాట్లాడుతున్నారు. నాలాంటివాళ్లకి తగిలే దెబ్బ పన్నుల దగ్గర కాదండి, సీట్ల దగ్గర.

సీటు ఎంపిక ఐచ్ఛికం అంటారు. డబ్బు కట్టకపోతే సిస్టమ్ ఏది ఇస్తే అది. ఒకసారి అలాగే వదిలేస్తే నాకు ముందు వరుస, నాలుగేళ్ల బాబుకి వెనక ఎక్కడో, పాపకి ఇంకోచోట వచ్చింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కౌంటర్లో అడిగితే, పక్కపక్కన కావాలంటే డబ్బు కట్టండి, లేదంటే లోపలికి వెళ్లాక తోటి ప్రయాణికుల్ని అడగండి అన్నారు. నాలుగేళ్ల పిల్లాడు తెలియనివాళ్ల మధ్య ఒంటరిగా కూర్చోవడం నాకు ఐచ్ఛికమా? చొక్కా అమ్మి, గుండీలు మీ ఇష్టం, కావాలంటే కొనుక్కోండి అన్నట్టుంది. మా ఇంటికి సంబంధించినంతవరకు ఆ సీటు ఫీజు టికెట్ ధరలో భాగమే. మరి ప్రకటనలో అది ఎందుకు లేదు?

నీలిమేఘం

అమ్మా, నేను మొదటి పోస్టులో చెప్పాలనుకుని స్పష్టంగా చెప్పలేకపోయిన మాట మీరు చెప్పారు. ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్న గీత ఎవరు గీస్తున్నారు? ఇప్పుడు కంపెనీలే గీస్తున్నాయి. పన్నులు కలపమని చట్టం వస్తే, ఐచ్ఛికం అనే పక్క పెరుగుతూ పోతుంది. ముందు పెద్ద బ్యాగు పోయింది, తర్వాత సీటు పోయింది, ఆ తర్వాత చేత్తో పట్టుకునే బ్యాగు కూడా పోయింది. చట్టంమాట గారూ, దీని మీద కోర్టులు ఏమైనా అన్నాయా?

చట్టంమాట

చాలా అన్నాయి. ముఖ్యంగా యూరప్‌లో. ఓపిగ్గా చదవండి, ఇది కొంచెం పెద్దది.

యూరప్ నిబంధనలో మాట ఇది: ప్రకటించే సమయానికి తెలిసినవీ, తప్పించుకోలేనివీ అయిన ఖర్చులన్నీ ధరలో ఉండాలి. ఐచ్ఛికమైనవి బుకింగ్ మొదట్లోనే స్పష్టంగా చెప్పాలి, వాటిని ప్రయాణికుడే ఎంచుకోవాలి. తప్పించుకోలేనిది అంటే ఏమిటన్న దాని మీదే వరుసగా కేసులు నడిచాయి.

2012లో ఈబుకర్స్ అనే టికెట్ల సైట్ కేసు. టికెట్‌తో పాటు ప్రయాణ బీమాకి ముందే టిక్ పెట్టి ఉంచడం చెల్లదని, బీమా వేరే కంపెనీది అయినా సరే ఇదే వర్తిస్తుందని యూరప్ న్యాయస్థానం చెప్పింది. 2015లో ఎయిర్ బెర్లిన్ కేసు. ఎంచుకున్న విమానానికి మాత్రమే కాదు, తెర మీద కనిపించే ప్రతి విమానం పక్కనా మొదటిసారే పూర్తి ధర ఉండాలని చెప్పింది. పోల్చుకోవడానికే కదా ధర, పోల్చేచోట లేకపోతే ఎందుకు?

2020లో రయన్ఎయిర్ మీద ఇటలీలో వచ్చిన వివాదం అదే కోర్టుకి వెళ్లింది. ఆన్‌లైన్ చెక్-ఇన్‌కి డబ్బు తీసుకుంటూ, ఉచితంగా చెక్-ఇన్ చేసుకునే దారి ఇంకొకటి ఇవ్వకపోతే అది తప్పించుకోలేని ఖర్చే, కాబట్టి మొదటి ధరలోనే ఉండాలి అన్నారు. ఒక్క ఉచిత దారి అయినా ఉంటే అది ఐచ్ఛికం. చాలా ఉపయోగపడే కొలబద్ద ఇది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది స్పెయిన్ విమాన కంపెనీ వుయెలింగ్ మీద 2014లో వచ్చిన తీర్పు. విమానం పొట్టలో వేసే లగేజీకి విడిగా డబ్బు తీసుకోవచ్చు, ఎందుకంటే అది లేకుండా కూడా ప్రయాణించేవాళ్లున్నారు. కానీ చేతి సామాను వేరు. సమంజసమైన బరువూ కొలతా ఉండి, భద్రతా నియమాలకి లోబడితే దానికి అదనంగా డబ్బు తీసుకోకూడదు, అది ప్రయాణంలో భాగమే అని కోర్టు చెప్పింది. సమంజసమైన కొలత అంటే ఎంత అన్నది మాత్రం చెప్పలేదు. కంపెనీలు ఆ సందులోంచి దూరాయి. సీటు కింద పట్టే చిన్న సంచి ఉచితం, పైన అరలో పెట్టే దానికి డబ్బు. 2024 నవంబరులో స్పెయిన్ వినియోగదారుల వ్యవహారాల శాఖ ఐదు కంపెనీల మీద కలిపి దాదాపు 17.9 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది, చేతి సామాను ఫీజు అందులో ముఖ్యమైన ఆరోపణ. కంపెనీలు ఒప్పుకోలేదు, కోర్టుకెళ్లాయి.

పిల్లల సీట్ల విషయంలో మన దేశంలో ఒక మంచి పని జరిగింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకి, అదే బుకింగ్‌లో ఉన్న తల్లికో తండ్రికో పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కంపెనీలను ఆదేశించింది.

కొత్తరెక్కలు

అందరికీ నమస్తే, నేను కొత్త. చిన్న సందేహం. ఒకే రూటు పదేపదే వెతికితే సైట్ గుర్తుపెట్టుకుని ధర పెంచుతుందంటారు. నిజమేనా?

టికెట్_కౌంటర్

నేను పనిచేసినచోట అలా ఎప్పుడూ జరగలేదు తమ్ముడూ. పైన రాశాను చూడు, మధ్యలో ఎవరో కొనేస్తే చవక తరగతి మూసుకుపోతుంది, ధర మారుతుంది. పొద్దున చూసింది సాయంత్రానికి లేకపోవడానికి మామూలు కారణం అదే. 'ఈ ధరకి రెండే సీట్లు' అని ఎర్ర అక్షరాల్లో వస్తుందే, దానితోనే అసలు టెన్షన్. అది నిజమో, తొందరపెట్టడానికి వేసిందో బయటివాళ్లకి తెలిసే దారి లేదు.

పాతప్రకటన

నేను పత్రికల్లో ప్రకటనల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. వెబ్‌సైట్లు రాకముందు ఈ ఆటలు ఇంకో రూపంలో ఉండేవి. రానూపోనూ టికెట్ కొంటేనే వచ్చే ధరని సగానికి విరిచి, ఆ సగాన్ని పెద్దగా వేసేవారు. ఒకవైపు టికెట్ ఆ ధరకి అమ్మనే అమ్మరు. చదివినవాడు ఒకవైపు ధర అనుకుంటాడు. అమెరికా నిబంధనల్లో దీనికి ప్రత్యేకంగా ఒక వాక్యం ఉంది. అలా వేయొచ్చు, కానీ రానూపోనూ కొనాలన్న షరతు స్పష్టంగా, కనపడేలా చెప్పాలి, దాన్ని ఒకవైపు ధర అనకూడదు. ఆ ఒక్క వాక్యం కోసం ఎంతమంది ప్రయాణికులు మోసపోయి ఉంటారో.

ఇంధన సర్‌చార్జి గురించి ఎవరూ వివరంగా రాయలేదు. ఇంధనం లేకుండా విమానం ఎగరదు. అలాంటప్పుడు అది టికెట్ ధర బయట ఎందుకుంటుంది? బయట ఉంటే చమురు ధర పేరు చెప్పి పెంచడం సులువు, తగ్గినప్పుడు తగ్గించమని అడిగేవాళ్లు లేరు. ఇంకా పెద్ద తప్పు కూడా జరిగింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ మాట్లాడుకుని ఈ సర్‌చార్జీలు పెంచుకున్నాయని తేలింది, 2007లో ఈ వ్యవహారాల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి అమెరికాలో 30 కోట్ల డాలర్ల జరిమానా పడింది. వర్జిన్ తనే ముందుగా వెళ్లి చెప్పింది కాబట్టి బయటపడింది. ధరని ముక్కలు చేస్తే ప్రయాణికుడికి గందరగోళం, కంపెనీలకి కుమ్మక్కవడానికి చోటు.

కిటికీసీటు

చాలా నేర్చుకున్నాను, కానీ నా సందేహం ఒకటి అలాగే ఉంది. పన్నులు కలపాలి, సరే. ముందే టిక్ పెట్టకూడదు, సరే. అక్కడితో ఆగితే బాగుంటుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా రవాణా శాఖ ఇంకో నిబంధన తెచ్చింది. బ్యాగు ఫీజు, టికెట్ మార్చుకునే ఫీజు, రద్దు ఫీజు మొదట ధర చూపించినప్పుడే చూపాలని. కంపెనీలు కోర్టుకెళ్తే జులైలోనే దాని అమలు ఆగిపోయింది. కోర్టు సంగతి పక్కన పెట్టండి, ఆ ఆలోచనే నాకు నచ్చలేదు. ఫోన్ తెర మీద ఒక్కో విమానం పక్కన ఐదారు అంకెలు పెడితే ఎవరికి అర్థమవుతుంది? నేను చిన్న సంచితో ప్రయాణిస్తాను. పక్కవాళ్ల పెట్టెల ధర నా తెర మీద నాకెందుకు? అన్నీ కలిపి ఒకే ధర చేస్తే వాళ్ల పెట్టెకి నేను కూడా డబ్బు కట్టినట్టే. విడగొట్టి అమ్మడం వల్ల నాలాంటివాళ్లకి నిజంగా లాభం జరిగింది. అది కాదనలేరు.

లెక్కలమాస్టారు

కాదనను. ఉత్త చేతులతో వెళ్లేవాడికి తక్కువ పడాలి. విడగొట్టి అమ్మడం వద్దని ఈ చర్చలో ఎవరూ అనలేదు. విడగొట్టి దాచడం వద్దంటున్నాం.

మీ తెర సమస్యకి దారి ఉంది. వెతికేటప్పుడు ఎంతమంది, ఏ తేదీ అని అడుగుతున్నారు కదా. ఎన్ని బ్యాగులు, పిల్లలున్నారా, పక్కపక్కన కూర్చోవాలా అని కూడా అప్పుడే అడగాలి. ఆ తర్వాత ప్రతి విమానం పక్కనా ఒకే అంకె, అది ఆ మనిషికి నిజంగా పడే అంకె. మీకు సంచి ధర వస్తుంది, పైన రాసిన అమ్మకి ముగ్గురి సీట్లతో కలిపిన ధర వస్తుంది. వరుస కూడా ఆ అంకెని బట్టే మారాలి. టికెట్_కౌంటర్ గారు చెప్పిన జాబితా సమస్య అక్కడితో తీరుతుంది. ఇది చేయడానికి కొత్త సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు, ఫీజుల వివరాలు ధర పోల్చే సైట్లకి ఇవ్వమని కంపెనీలను బలవంతపెట్టాలి. వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

టికెట్_కౌంటర్

నిజం, ఇవ్వరు. ఆ వివరాలు తమ సొంత సైట్‌లోనే ఉంచుకుంటే అమ్మకం తమ చేతిలో ఉంటుంది. డబ్బు ఎంతో చూడండి. అమెరికా సెనేట్ ఉపసంఘం 2024 నవంబరు నివేదికలో, ఐదు కంపెనీలు 2018 నుంచి 2023 వరకు ఒక్క సీటు ఫీజుల రూపంలోనే 1,240 కోట్ల డాలర్లు వసూలు చేశాయని రాసింది. బ్యాగులు ఇందులో లేవు.

నీలిమేఘం

ఆ అంకె పక్కన జరిమానాలు పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆస్ట్రేలియాలో ఇలా ధరని చుక్కచుక్కగా చూపినందుకు జెట్‌స్టార్, వర్జిన్ ఆస్ట్రేలియాల మీద అక్కడి వినియోగదారుల కమిషన్ 2014లో కోర్టుకెళ్లింది. 2017లో పడిన జరిమానా జెట్‌స్టార్‌కి 5,45,000 ఆస్ట్రేలియా డాలర్లు, వర్జిన్‌కి 2,00,000. ఒక రోజు ఆదాయంలో కూడా చిన్న ముక్క. నిబంధన ఉంటే చాలదు, దాన్ని తప్పితే నిజంగా నొప్పి కలగాలి. ఎన్ని టికెట్లు అలా అమ్మారో లెక్కగట్టి, ఆ డబ్బు ప్రయాణికులకి తిరిగి ఇప్పించాలి. ఖజానాకి జరిమానా కడితే నష్టపోయిన మనిషికి ఒరిగేది ఏముంది?

ఇద్దరుపిల్లలతల్లి

అవునండి. నాకు ఆ రోజు కట్టిన సీట్ల డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఫిర్యాదు చేయాలంటే ఏం చేయాలో కూడా తెలియలేదు. అన్నిటికీ 'మీరు షరతులు అంగీకరించారు' అనే జవాబు.

చట్టంమాట

షరతులు అంగీకరించారు అన్నంత మాత్రాన అన్నీ చెల్లవు. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కొనేవాళ్లని తప్పుదారి పట్టించేలా సైట్లు వేసే ఎత్తుగడల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. పదమూడు రకాలు పేర్కొంది. ధరలో భాగాన్ని చివరిదాకా దాచడం, అడగకుండా బీమా లాంటివి బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం, వద్దన్నవాళ్లని సిగ్గుపడేలా మాటలు రాయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. వస్తువులకే కాదు, సేవలకీ వర్తిస్తాయి. కొత్తరెక్కలు గారు, ఆ 'రెండే సీట్లు' ఎర్ర అక్షరాలు అబద్ధమైతే ఇందులోకే వస్తాయి.

ఫిర్యాదు గెలిచేది సాక్ష్యంతో. మొదట ధర కనిపించిన పేజీ, ఒక్కో ఫీజు కలిసిన పేజీ, చివరి పేమెంట్ పేజీ, మూడింటినీ తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్రకటన చూసి వెళ్తే ఆ ప్రకటనని కూడా. కస్టమర్ కేర్‌తో ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి, ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏ ఫీజు గురించి అడిగినా ఒక ప్రశ్న తప్పకుండా వేయండి: ఇది కట్టకుండా ప్రయాణించే ఉచిత దారి మీరు ఏది ఇచ్చారు, దాన్ని బుకింగ్‌లో ఏ పేజీలో చూపించారు? ఆ ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే, అదే మీ ఫిర్యాదులో మొదటి పేరా.